రాపిడిలో పుట్టిన నిప్పు

రాత్రివేళ ఉన్నట్టుండి కరెంటు పోయింది. ఇల్లంతా చీకటి. అమ్మ వంటింటి గూట్లో చేత్తో తడిమి అగ్గిపెట్టె అందుకుంది. ఒక పుల్ల తీసి పెట్టె పక్కన గీసింది. 'చుర్రు'మని మంట లేచింది. దీపం వెలిగింది. మనమందరం ఎన్నోసార్లు చూసిన దృశ్యమే ఇది. రోజూ చూసేది కాబట్టి ఇందులో వింత ఏముందని అనుకుంటాం.

అగ్గిపెట్టెను మన ఇరుగుపొరుగు భాషల్లో ఏమంటారో మీకు తెలిసే ఉంటుంది. తమిళంలో 'తీప్పెట్టి', కన్నడంలో 'బెంకిపొట్టణ', మరాఠీలో 'కాడేపేటీ', ఒడియాలో 'దియాసిలి' అంటారు. మనం అగ్గిపెట్టె అంటాం. 'అగ్ని' ప్రకృతి, 'అగ్గి' వికృతి. పేర్లు వేరైనా పెట్టె ఒకటే, పుల్ల ఒకటే, నిప్పు ఒకటే.

ఇప్పుడు ఒక ప్రశ్న వేసుకుందాం. పుల్లను పెట్టె పక్కనున్న ముదురు రంగు పట్టీమీద గీస్తేనే మంట ఎందుకు వస్తుంది? అదే పుల్లను మట్టిగోడమీద గీస్తే తల అరిగిపోతుందే గాని సాధారణంగా మంట ఎందుకు రాదు? రెండుచోట్లా ఉన్నది రాపిడే కదా! ఈ ప్రశ్నకు జవాబు తెలియాలంటే ముందు రాపిడి అంటే ఏమిటో తెలుసుకోవాలి.

చలికాలం ఉదయాన అరచేతులు రెండూ గట్టిగా రుద్దుకుంటే వెచ్చబడతాయి. ఒక వస్తువు మరొక వస్తువుపై జరిగేటప్పుడు వాటి ఉపరితలాలు ఆ కదలికను అడ్డుకుంటాయి. ఈ అడ్డగింపునే రాపిడి లేదా ఘర్షణ అంటారు. అడ్డగింపును దాటి వస్తువును కదిలించడానికి మనం చేసిన పనిలో చాలా భాగం వేడిగా మారుతుంది. మన పూర్వులు ఈ సంగతిని అనుభవంతో గ్రహించారు. యజ్ఞాలకు అరణి అనే కొయ్యను మథించి నిప్పు పుట్టించేవారు. కొయ్యలో ఒక గుంట చేసి, అందులో మరొక కొయ్యను నిలబెట్టి, తాడుతో కవ్వంలా తిప్పేవారు. రాలిన పొట్టు వేడెక్కి రాజుకునేది. దాన్ని ఎండుపీచులో వేసి ఊదితే మంట వచ్చేది. దానికి ఎంతో ఓపిక, బలం కావాలి.

రాపిడి ఎందుకు కలుగుతుంది? నున్నగా కనిపించే వస్తువు కూడా నిజానికి నున్నగా ఉండదు. గాజుపలకను గాని, మెరుగుపెట్టిన ఉక్కును గాని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే ఎత్తుపల్లాలు కనిపిస్తాయి. ఒక పనసపండుమీద మరొక పనసపండు పెట్టామనుకోండి. అవి తాకేది ముళ్ల కొనలమీదనే గాని చర్మమంతటా కాదు. రెండు ఘనపదార్థాలు ఒకదానినొకటి తాకడం కూడా అలాంటిదే. పైకి జానెడు మేర తాకుతున్నట్లు కనిపించినా, నిజంగా తాకే చోటు అందులో పదివేలో వంతు కూడా ఉండకపోవచ్చు.

ఇటుకను బోర్లా పెట్టి లాగినా, నిలువుగా పక్కమీద పెట్టి లాగినా దాదాపు ఒకే బలం కావాలి. ఇటుకమీద ఇటుక పెడితే మాత్రం రెట్టింపు బలం కావాలి. అంటే రాపిడి బరువునుబట్టి పెరుగుతుంది గాని, పైకి కనిపించే వైశాల్యాన్నిబట్టి కాదు. ఈ సంగతిని సుమారు 500 సంవత్సరాల క్రితమే ఇటలీకి చెందిన లియొనార్డో డావిన్సీ గమనించి తన రాతపుస్తకాల్లో వ్రాసుకున్నాడు. 1699లో ఫ్రాన్సు దేశస్థుడు ఆమొంటన్స్ దీన్ని సూత్రంగా లోకానికి తెలియజేశాడు. ఇరవయ్యో శతాబ్దంలో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు బౌడెన్, టేబర్ దీనికి కారణం వివరించారు. బరువు పెరిగినకొద్దీ తాకే కొనలు నలిగి, నిజంగా తాకే చోటు పెరుగుతుంది. కొనలు ఒకదానికొకటి అతుక్కుంటాయి కూడా. వస్తువును జరిపినప్పుడు ఆ అతుకులన్నీ తెగాలి. రాపిడిలో చాలా భాగం ఈ అతుకులను తెంచడమే.

ఇందులో ఇంకొక విశేషం ఉంది. వస్తువులు ఆ కొనలమీదనే తాకుతాయి కాబట్టి వేడి అంతా ముందుగా ఆ కొనల దగ్గరే పుడుతుంది. చేతికి వస్తువు కొంచెం వెచ్చగా తగిలే సమయానికి, ఆ చిన్న కొనల దగ్గర రెప్పపాటు కాలం కొన్ని వందల డిగ్రీల వేడి ఉండవచ్చు. అగ్గిపుల్ల రహస్యంలో సగం ఇక్కడే ఉంది.

మిగిలిన సగం తెలియాలంటే ఘనపదార్థాల 'చర్మం' గురించి తెలుసుకోవాలి. ఇత్తడి బిందెను కొన్నాళ్లు తోమకుండా ఉంచితే నల్లబడుతుంది. గాలిలోని ఆక్సిజన్, తేమ ఇత్తడిలోని రాగితో కలిసి పైన ఒక పొరను ఏర్పరుస్తాయి. చింతపండుతో తోమితే అందులోని ఆమ్లం ఆ పొరను కరిగిస్తుంది. చేతి రాపిడి దాన్ని తుడిచివేస్తుంది. అడుగున ఉన్న అసలైన ఇత్తడి బయటపడి తళతళలాడుతుంది. కాని ఆ తళుకు ఎక్కువకాలం నిలవదు. గాలి తగలగానే కొత్త పొర కట్టడం మొదలవుతుంది. లోహాల్లో చాలావాటికి ఇలాంటి పొర ఉంటుంది. అది మన కంటికి కనిపించనంత పలుచనిది. రాపిడి ఈ చర్మాన్ని గీరి, లోపలి పదార్థాన్ని బయటపెడుతుంది. అలా బయటపడిన పదార్థం చుట్టూ ఉన్నవాటితో వెంటనే కలవడానికి సిద్ధంగా ఉంటుంది.

చెకుముకి రాయి సంగతి మీ తాతల నోట విని ఉంటారు. చెకుముకి రాయిని ఉక్కు ముక్కతో కొడితే నిప్పురవ్వలు ఎగిరేవి. ఆ రవ్వను దూదిపైన పట్టి ఊదితే దూది రాజుకునేది. ఆ రవ్వలు రాతివని చాలామంది అనుకుంటారు. నిజానికి అవి ఉక్కువి. రాయి ఉక్కుకంటే గట్టిది కాబట్టి, దెబ్బ తగిలినప్పుడు ఉక్కులోనుంచి అతిచిన్న రజను గీరుకుపోతుంది. దానికి తుప్పు చర్మం లేదు. రాపిడికి అప్పటికే వేడెక్కి ఉంది. గాలిలోకి రాగానే ఆక్సిజన్‌తో కలిసి మండుతుంది. పెరట్లో పారవేసిన ఇనుప కమ్మీకి పట్టే తుప్పు, చెకుముకి రవ్వ దాదాపు ఒకే కుటుంబానికి చెందినవి. ఒకటి ఏళ్ల తరబడి నెమ్మదిగా జరుగుతుంది. రెండోది క్షణంలో జరిగిపోతుంది.

ఈ చర్మం అసలే లేకపోతే ఏమవుతుంది? భూమిమీద గాలి ఉంది కాబట్టి గీరుకుపోయిన పొర మళ్లీ కడుతుంది. అంతరిక్షంలో గాలి లేదు. అక్కడ శుభ్రమైన రెండు లోహపు ముఖాలు ఒరుసుకుంటే ఒకటిగా అతుక్కుపోవచ్చు. 1989లో గురుగ్రహం వైపు బయలుదేరిన గెలీలియో అంతరిక్ష నౌకలో గొడుగులా విప్పుకోవలసిన పెద్ద ఆంటెన్నా ఉండేది. 1991లో దాన్ని తెరవబోతే కొన్ని ఊచలు కదలలేదు. కందెన పొర అరిగిపోయి లోహం లోహాన్ని పట్టుకోవడమే ఇందుకు కారణమని శాస్త్రజ్ఞులు భావించారు. చివరకు చిన్న ఆంటెన్నాతోనే పని నడిపించారు. వెంట్రుకకన్నా పలుచని పొర అంత పెద్ద నౌకను ఇబ్బంది పెట్టింది!

మన ఎడ్లబండి తోలేవారికి ఈ పొర విలువ ఏనాడో తెలుసు. ఇరుసుకు కందెన వేయకుండా బండి కట్టేవారు కారు. ఆముదంలో వరిగడ్డి మసి కలిపి కందెన చేసుకునేవారు. ఆముదపు అణువు పొడుగ్గా ఉంటుంది. దాని ఒక కొన లోహాన్ని పట్టుకుంటుంది, మిగిలిన భాగం బయటికి నిలుస్తుంది. ఇలాంటి అణువులు కోటానుకోట్లు పక్కపక్కన నిలబడి ఇరుసుకు, చక్రానికి మధ్య జారుడు తివాచీ పరుస్తాయి. లోహం లోహాన్ని తాకదు, కాబట్టి అతుకులు పడవు. కిర్రుమనే తలుపు బందులో రెండు చుక్కల నూనె వేస్తే చప్పుడు ఆగేది ఇందుకే. రాపిడి, అరుగుదల, కందెన ఈ మూడింటినీ కలిపి అధ్యయనం చేసే శాస్త్రానికి 1966లో ఇంగ్లండులో 'ట్రైబాలజీ' అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో 'రుద్దడం' అనే అర్థమున్న మాటనుంచి ఆ పేరు వచ్చింది.

రాపిడి వేడిని పుట్టిస్తుంది, కొత్త ముఖాన్ని బయటపెడుతుంది. ఈ రెండు సంగతులనూ గుర్తుపెట్టుకొని మళ్లీ అగ్గిపుల్ల దగ్గరకు వద్దాం.

1826లో ఇంగ్లండులోని స్టాక్టన్ అనే ఊళ్లో జాన్ వాకర్ అనే మందుల వర్తకుడు కొన్ని రసాయనాలను ఒక పుల్లతో కలుపుతున్నాడు. పుల్ల కొనకు ముద్ద అంటుకొని ఎండిపోయింది. దాన్ని వదిలించడానికి రాతిమీద గీశాడు. భగ్గున మండింది. ఆంటిమొనీ సల్ఫైడు, పొటాషియం క్లోరేటు, జిగురు కలిపిన ముద్ద అది. మరుసటి సంవత్సరం వాకర్ అలాంటి పుల్లలు చేసి అమ్మసాగాడు. గరుకు కాగితాన్ని మడిచి, దాని మధ్యనుంచి పుల్లను లాగితే మంట వచ్చేది. కొన్ని పుల్లలు వెలిగేవి, కొన్ని వెలిగేవి కావు. మండే తల ఊడి బట్టలమీద పడేది కూడా. వాకర్ దీనిపై ఎలాంటి హక్కులూ కోరలేదు.

తరువాత కొద్ది సంవత్సరాలకే, 1831 ప్రాంతంలో, ఫ్రాన్సు దేశపు విద్యార్థి షార్ల్ సోరియా పుల్ల తలలో తెల్ల భాస్వరం చేర్చాడు. తెల్ల భాస్వరం గాలి తగిలితే వేసవి వేడికే అంటుకోగల పదార్థం. అందుకే దాన్ని నీళ్లలో ఉంచుతారు. దానితో చేసిన పుల్లను గోడమీద గీసినా, చెప్పు అడుగున గీసినా వెలిగేది. జనం వాటిని ఎగబడి కొన్నారు. ఊరూరా కార్ఖానాలు వెలిశాయి.

కాని ఆ పుల్ల వెలుగు వెనుక పెద్ద చీకటి ఉంది. తెల్ల భాస్వరం విషం. కార్ఖానాల్లో దాని ఆవిరిని రోజంతా పీల్చే పనివారికి మొదట పంటినొప్పి వచ్చేది. తరువాత చిగుళ్లు చీము పట్టేవి. క్రమంగా దవడ ఎముకే కుళ్లిపోయేది. ఎముకను తొలగిస్తే తప్ప కొందరి ప్రాణాలు దక్కేవి కావు. ఆ పని చేసేవారిలో ఎక్కువమంది పేద స్త్రీలు, పిల్లలు. పని చేసే బల్లల దగ్గరే అన్నం తినవలసి రావడంతో విషం తిండిలో కూడా కలిసేది.

1888లో లండన్ నగరంలో ఒక అగ్గిపుల్లల కార్ఖానాలో సుమారు 1400 మంది స్త్రీలు, బాలికలు పని మానివేసి వీధుల్లోకి వచ్చారు. తక్కువ కూలి, చిన్న తప్పుకు కూడా జరిమానా, విషం మధ్య బతుకు వారిని అందుకు పురికొల్పాయి. వారి కష్టాలను పత్రికలో వ్రాసి లోకానికి చాటిన స్త్రీ అనీబిసెంటు. తరువాతి కాలంలో మన దేశానికి వచ్చి స్వరాజ్యోద్యమంలో పాల్గొని, 1915లో మదనపల్లెలో కళాశాల స్థాపించిన అనీబిసెంటు ఆమే. కొద్ది వారాల్లోనే యజమానులు దిగివచ్చారు. జరిమానాలు పోయాయి. భోజనానికి వేరే గది ఇచ్చారు. తెల్ల భాస్వరం మాత్రం అప్పుడే పోలేదు.

విచారించవలసిన సంగతి ఏమిటంటే, విషం లేని పుల్ల అప్పటికే తయారై ఉంది. 1840ల్లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు ష్రోటర్ తెల్ల భాస్వరాన్ని గాలి తగలకుండా వేడిచేస్తే ఎర్ర భాస్వరంగా మారుతుందని చూపించాడు. రెండూ ఒకే మూలకం. అణువుల అమరికలోనే తేడా. ఎర్రది తెల్లదానిలా విషం కాదు, తనంతట తాను అంటుకోదు. దానికి సుమారు 250 డిగ్రీల వేడి కావాలి. 1844లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు పాష్ మరొక చక్కని ఉపాయం కనిపెట్టాడు. మండడానికి కావలసినవన్నీ పుల్ల తలలోనే ఎందుకు ఉంచాలి? భాస్వరాన్ని తలనుంచి తీసి పెట్టె పక్కకు మార్చితే ఏం? ఆ దేశంలోనే లుండ్‌స్ట్రోమ్ సోదరులు ఎర్ర భాస్వరంతో ఈ పద్ధతిని అమలుచేసి 1855లో పారిస్ ప్రదర్శనలో బహుమతి పొందారు. మనం ఈనాడు వాడేది ఆ పుల్లే. దాన్ని 'సేఫ్టీ' అగ్గిపుల్ల అనడానికి కారణం ఇదే.

ఇప్పుడు మన మొదటి ప్రశ్నకు జవాబు చెప్పుకోవచ్చు. పుల్ల తలలో ముఖ్యంగా పొటాషియం క్లోరేటు, గంధకం, జిగురు, గాజుపొడి ఉంటాయి. పెట్టె పక్కన పట్టీలో ఎర్ర భాస్వరం, గాజుపొడి, జిగురు ఉంటాయి. గాజుపొడి ఉన్నది గరుకుదనం కోసం. పుల్లను గీయగానే గాజుపొడి కొనలు ఒరుసుకొని అక్కడక్కడ ఎంతో వేడి పుడుతుంది. పట్టీనుంచి లేశమంత భాస్వరం గీరుకొని తలకు అంటుకుంటుంది. అక్కడ పొటాషియం క్లోరేటును తాకుతుంది. పొటాషియం క్లోరేటు ఆక్సిజన్ దాచుకున్న గిడ్డంగి వంటిది. భాస్వరం, క్లోరేటు ఆ వేడిలో కలిసిన క్షణాన రవ్వ పుడుతుంది. ఆ రవ్వ వేడికి తలలోని మిగిలిన క్లోరేటు విడిపోయి ఆక్సిజన్ వదులుతుంది. గంధకం, జిగురు మండుతాయి. పుల్లను ముందుగానే మైనంలో ముంచి ఉంచుతారు కాబట్టి మైనం కరిగి, ఆవిరై, మంటను కొయ్యదాకా నడిపిస్తుంది. ఊదిన తరువాత పుల్ల నిప్పు కణికలా రాజుకుంటూ ఉండకుండా, కొయ్యను అమ్మోనియం ఫాస్ఫేటు నీళ్లలో నానబెడతారు.

గోడమీద గీసినప్పుడు రాపిడి ఉంది, కొంత వేడీ ఉంది. భాస్వరం మాత్రం లేదు. అందుకే మంట రాదు. వానాకాలంలో పుల్ల చెమ్మగిల్లితే తల మెత్తబడి రాలిపోతుంది, పుట్టిన కొద్దిపాటి వేడిని తేమ లాక్కుంటుంది. అప్పుడూ మంట రాదు. రాపిడి, వేడి, తగిన రసాయనాలు మూడూ ఒకచోట కలిస్తేనే నిప్పు.

ఇంత మేలైన పుల్ల ఉన్నా, తెల్ల భాస్వరం చౌక కావడంవల్ల, దానితో చేసిన పుల్ల ఎక్కడైనా వెలగడంవల్ల యాభై ఏళ్లకు పైగా విషపు పుల్లల తయారీ సాగింది. చివరకు 1906లో స్విట్జర్లండులోని బెర్న్ నగరంలో కొన్ని దేశాలు కూడి దాన్ని నిషేధించాలని ఒప్పందం చేసుకున్నాయి. మన దేశంలో 1913లో తెల్ల భాస్వరం పుల్లలను నిషేధిస్తూ చట్టం వచ్చింది.

మన దేశంలో అగ్గిపెట్టెల పేరు చెబితే గుర్తుకువచ్చేది తమిళనాడులోని శివకాశి. ఆ ఊరివారైన అయ్యనాడార్, షణ్ముగనాడార్ 1922లో కలకత్తా వెళ్లి ఆ పని నేర్చుకొని, మరుసటి ఏడు తిరిగివచ్చి ఈ పరిశ్రమ ప్రారంభించారు. వాన తక్కువ, పంటలు అంతంతమాత్రం అయిన ఆ మెట్టప్రాంతంలో శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి ఊళ్లకు అగ్గిపెట్టె అన్నం పెట్టింది. గాలిలో తేమ తక్కువ కావడం పుల్లలు ఆరడానికి కూడా అనుకూలించింది. తరతరాలుగా అక్కడ నివసిస్తున్న తెలుగు కుటుంబాలు కూడా ఆ నేలలో ఎన్నో ఉన్నాయి. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్ గ్రామంలో తెలుగు మాట్లాడే ఇంట పుట్టి తమిళంలో గొప్ప కథకుడైన కి. రాజనారాయణన్ తన 'గోపల్ల గ్రామం' నవలలో చిత్రించింది అలా దక్షిణానికి తరలివచ్చిన తెలుగువారినే.

అయితే అక్కడ కూడా ఒక విషాదం నడిచింది. చట్రాల్లో పుల్లలు పేర్చడానికి, పెట్టెలు అతకడానికి చిన్నచిన్న వేళ్లు పనికివస్తాయని వేలాది పిల్లలను పనిలో పెట్టారు. బడికి వెళ్లవలసిన వయస్సులో వారు తెల్లవారకముందే కార్ఖానా బండి ఎక్కేవారు. 1986లో బాలకార్మిక చట్టం వచ్చింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు శివకాశి పిల్లల వ్యాజ్యంలో తీర్పునిస్తూ, ప్రమాదకరమైన పనిలో పెట్టుకున్న ఒక్కొక్క బిడ్డకు యజమాని 20,000 రూపాయలు ఆ పిల్లల సంక్షేమ నిధికి చెల్లించాలని ఆదేశించింది. 2016లో చట్టాన్ని సవరించి, పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని అన్ని వృత్తుల్లోనూ నిషేధించారు. బడి అయ్యాక ఇంటి పనిలో చేయి వేయడం వంటి కొద్ది మినహాయింపులే ఇచ్చారు.

పద్నాలుగేళ్లపాటు ఒక రూపాయికే అమ్మిన అగ్గిపెట్టె ధర 2021 డిసెంబరులో రెండు రూపాయలు అయింది. ఇప్పటికీ మన ఇంట్లో ఇంత చౌకగా దొరికే వస్తువులు కొన్నే. ఆ చిన్న పెట్టెలో లియొనార్డో గమనించిన రాపిడి ఉంది. పాష్ ఆలోచన ఉంది. లండన్ స్త్రీల పోరాటం ఉంది. శివకాశి చేతుల శ్రమ ఉంది.

పాష్ చేసిన పని మరొకసారి తలచుకోండి. అతడు కొత్త పదార్థమేదీ సృష్టించలేదు. కలిసి ఉంటే ప్రమాదం తెచ్చే రెండింటిని విడదీసి, ఒకదాన్ని పుల్లకు, మరొకదాన్ని పెట్టెకు ఇచ్చాడు. మనిషి కావాలని గీసినప్పుడే అవి కలుస్తాయి. నిప్పు మన చెప్పుచేతల్లో ఉండడమంటే అదే. ఆ సంగతి తెలిసినవారు అగ్గిపెట్టెతో ఆటలాడరు. పుల్ల గీసేటప్పుడు ఒంటికి దూరంగా గీస్తారు. ఆరిన పుల్లను కూడా చల్లారాకనే పారవేస్తారు.

ఈసారి కరెంటు పోయినప్పుడు అమ్మ గీసే పుల్లను శ్రద్ధగా గమనించండి. మొదట రవ్వ, తరువాత భగ్గుమనే తల, ఆ తరువాత కొయ్యమీద నిలకడగా పాకే మంట మూడూ వరసగా కనిపిస్తాయి. దీపం వెలిగాక, అందులో ఏది భాస్వరం పని, ఏది గంధకం పని, ఏది మైనం పని అన్నది ఇంట్లో చిన్నవారికి చెప్పండి.